మూడో అంకె

నెల్లూరు తీరంలోని ఉపగ్రహ కేంద్రంలో పెంచలకృష్ణ పని సందేశాలను కుదించడం. చేపల పడవలు ఉపగ్రహం ద్వారా పంపే ఒక్కో సందేశానికి అతడు ఒక్కో అంకె కేటాయించాడు. సందేశం ఎంత చిన్నదైతే అంత ఎక్కువ పడవలకు చోటు దొరుకుతుంది. ఆ పొదుపు క్రమంగా అతడి స్వభావంలోకీ దిగింది. ఏదైనా అడిగితే కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, తిరిగి పెట్టుకున్నాకే నోరు విప్పుతాడు. నిరుడు పడవల వాళ్లు సొంత మాటలు రాసి పంపే వీలును కూడా అతడే తీసేయించాడు. మొన్నటి తుపానులో ఆ మిగిలిన చోటు వల్లే చాలా పడవల పిలుపులు అందాయి, మనుషులు ఒడ్డుకు చేరారు.

ఓబయ్య మాత్రం చేరలేదు. అతడి భార్య కామమ్మ కేంద్రానికి వచ్చి, "ఆఖర్న ఏం చెప్పినాడు సార్?" అని అడిగింది. పెంచలకృష్ణ తెర మీద మూడు అనే అంకెను చూపించాడు.

"పడవ మునుగుతా ఉందని, అక్కా."

"అంతేనా? మా ఇంటాయన వాగుడుకాయ సార్. నిద్దట్లో కూడా ఊరుకోడు. ఒక్క ముక్కతో యాడ ఆపుతాడు? ఇంకేదో అనుంటాడు, సరిగ్గా చూడండి."

పెంచలకృష్ణ కళ్లద్దాలు తీసి తుడవసాగాడు. కామమ్మ అతడి నోటివైపే చూస్తూ నిలబడింది. అద్దాలు ఎప్పుడో శుభ్రపడ్డాయి. అతడు వాటిని తిరిగి పెట్టుకోలేదు.