పాలమాటకు ముత్తాత

పొద్దున్న స్టవ్ మీద పాలు పొంగి మాడిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. మా ఆయన విసుక్కుంటూ కిటికీలు తెరుస్తుంటే నేను నవ్వుతూ నిలబడ్డాను. ఆ వాసనకు నాకు శారదాంబ గారు గుర్తొస్తారు. గుణదలలో నేను చదివిన కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ ఆవిడ. స్టాఫ్‌రూములో టీకి పాలు పెట్టి, మాటల పుట్టుక చెప్పడంలో పడి, పొంగకముందు దించిన పాపాన పోలేదు.

మన వైపు పెళ్లిపందిట్లో కొత్త మనిషి కనబడితే ఊరుకోం కదా! ఎవరి తాలూకు అని ఆరా తీసి, ముక్కు తీరు చూసి, ఎవరూ చూడని ముత్తాత దాకా వెళ్తాం. ఆవిడ మాటలనూ అలాగే నిలదీసేవారు. ఒకరోజు ఇంగ్లీషు మిల్క్, జర్మన్ మిల్ష్, డచ్చి మెల్క్, స్వీడిష్ మ్యోల్క్ బోర్డు మీద రాసి, "పోలికలు చూడండర్రా, వీళ్ల ముత్తాత ఎవరై ఉంటారు?" అన్నారు. మేం తలా ఒకటి చెప్పాక, ఒక నక్షత్రం గుర్తు వేసి పక్కన 'మెలుక్స్' అని రాశారు.

"ఆ నక్షత్రం ఎందుకండీ?" అన్నాను.

"ఈ మాటని రాసి పెట్టినవాళ్లు లేరమ్మా. మనం ఊహించుకున్నదే. కానీ ఇంతమంది మనవలున్నారంటే ఆయన ఉండి తీరాలి."

చదువయ్యాక ఉద్యోగానికి వెళ్తే, నా పాఠం వెనక బెంచీలు వినవని రెండు కాలేజీలు వద్దన్నాయి. మూడోది బెంజ్ సర్కిల్ దగ్గర. ఇదీ పోతే ఇక పాఠాలు చెప్పే ఆశ వదులుకోవాలనుకున్నాను. పరీక్షగా పాఠం చెప్పమన్నారు. పిల్లలు ఫోన్లలో మునిగిపోయారు, ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకున్నారు. పుస్తకం మూసేసి ఆ నాలుగు మాటలూ బోర్డు మీద రాశాను. "వీళ్లు ఎవరి తాలూకు?" అన్నాను.

క్లాసు గొల్లుమంది. "అన్నదమ్ముల పిల్లలే మేడమ్!" అంది ఒకమ్మాయి. ముత్తాత పేరు రాయగానే వెనక బెంచీ అబ్బాయి లేచాడు. "మధ్యలో ఆ 'ఉ' ఎక్కణ్నించొచ్చిందండీ?"

"గోతిక్ అని ఒక పెద్దమ్మ ఉండేది. పిల్లల్లేకుండా పోయింది. ఆ భాషలో రాసిన పాత పుస్తకాల్లో 'మిలుక్స్' అని ఉంది. ముత్తాత పోలిక ఆవిడకే ఎక్కువొచ్చింది."

"మరి ముత్తాతకి నాన్నెవరండీ?"

"పితకడం. అంతకంటే పాత భాషలో పితకడమనే అర్థంతో ఒక మాట ఉండేది, దాన్నుంచే ఈయన పుట్టాడంటారు."

బెల్లు మోగింది, ఒక్కరూ లేవలేదు. ప్రిన్సిపాల్ గారు, "ఎప్పుడు చేరతారమ్మా?" అన్నారు. నా ఆనందం ఇంతా అంతా కాదు. గేటు దాటకుండానే శారదాంబ గారికి ఫోన్ చేశాను.

"గెలిచానండీ!"

"గెలవక ఏం చేస్తావే! మొత్తం చెప్పు... అయ్యో, పాలు!"

ఆవిడ ఇప్పుడు లేరు. ఏటా కొత్త పిల్లలు, ఇదంతా మీకెవరు నేర్పారని అడుగుతారు. బోర్డు మీద శారదాంబ అని రాసి, ముందు నక్షత్రం గుర్తు వేస్తాను.

"మీరు చూడలేదు," అంటాను. "కానీ నేనున్నానంటే, ఆవిడ ఉండి తీరాలి."