చెరలో ఉన్న తమ్ముడి కోసం

సెక్టర్ 4 చర్చిలో ఆ ఆదివారం కొత్త పాస్టరు ప్రభువునందు నిద్రించినవారి పేర్లు చదువుతున్నాడు. నాలుగో పేరు వినగానే ముందు వరుసలో ఒక ముసలామె బెంచీ పట్టుకుని లేచింది.

"ఆపండయ్యగారూ. మా తమ్ముడు సచ్చిపోనాడని మీకెవులు సెప్పినారు?"

పాస్టరు ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. "దాదీ, బైఠియే. ప్రార్థన అయ్యాక మాట్లాడదాం," అన్నాడు.

"ఏటి బైఠేది? నువ్వు పుట్టకముందు నుంచీ ఆడి కోసం మోకాళ్ళ మీదున్నాను."

ఎవరు చెప్పారో నాకు తెలుసు. చెప్పింది నేనే.

ఆమె మా ఎదురు క్వార్టర్లో ఉంటుంది. భర్త ఇక్కడి ఉక్కు ప్లాంటులో పనిచేసి, రిటైరయ్యాక పోయాడు. తమ్ముడు సైన్యంలో చేరి డెబ్బై ఒకటి యుద్ధానికి పడమటి సరిహద్దుకు వెళ్ళాడు, తిరిగి రాలేదు. మరుసటి ఏడాది బందీలు విడుదలయ్యాక, వారిలో ఒక విజయనగరం సిపాయి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. తానున్న జైల్లో గోడ అవతల ఎవరో తెలుగులో కీర్తనలు పాడేవాడట. ఒకసారి గట్టిగా పేరడిగితే ఆమె తమ్ముడి పేరే చెప్పాడట. మనిషిని మాత్రం చూడలేదన్నాడు.

మా చర్చిలో విన్నపాల పెట్టె ఉంది. జబ్బుపడినవారికో, పరీక్ష రాసే పిల్లలకో ప్రార్థన కోరుతూ చీటీలు వేస్తారు. ఆమె చీటీలో ప్రతి ఆదివారమూ ఒకటే మాట: చెరలో ఉన్న నా తమ్ముడి కోసం. కింద అతని పేరు. ఎందరు పాస్టర్లు మారినా ఆ చీటీ చదివేవారు.

మొన్న ఆగస్టులో, నేను విలేకరిగా పనిచేసి మానేసిన పత్రికవాళ్ళు అడిగితే ఈ ఊరి సైనికుల మీద ఒక వ్యాసం రాశాను. చివర అమరుల పేర్లిచ్చాను. యాభై ఏళ్ళు దాటింది కదా అనుకుని అతని పేరూ చేర్చాను. ఎదురింటి తలుపు తట్టి అడగలేదు. అది చూసిన పాస్టరు, ఇదే గౌరవమనుకుని, పేరును విన్నపాల నుంచి నిద్రించినవారి జాబితాలోకి మార్చాడు.

ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర ఆమెకు నిజం చెప్పాను. ఆమె అరవలేదు.

"ఏటి తమ్ముడా, నలబై ఏళ్ళు నా సేతి టీ తాగినావు. సుపేలా బజార్లో ఉల్లిపాయల ధరైనా నలుగుర్నడిగి రాసినోడివి. మా ఓడి సంగతి నన్నొక్క మాట అడగడానికి నోరు రానేదేటి?"

"తప్పయింది అక్కా."

"నాకాడ కాదు, పేపర్లో సెప్పు. సెరలో ఉన్నాడని రాయి."

మర్నాడే సవరణ పంపాను. సంపాదకుడు ఫోన్ చేశాడు. "పొరపాటున అమరుల్లో చేర్చామని వేస్తాం సర్. చెరలో ఉన్నాడనడానికి ఆధారమేది?"

పాట విన్న సిపాయి ఎప్పుడో చనిపోయాడు. సంపాదకుడన్న మాట చెబితే ఆమె, "సగం మాట నాకొద్దు," అంది.

పాస్టరు ఆమె చీటీ మళ్ళీ చదువుతున్నాడు. సవరణ ఇంకా అచ్చు కాలేదు. ప్రభుత్వం నుంచి ఆమెకు వచ్చిన చివరి ఉత్తరంలో అతను ఆ జైల్లో ఉన్నట్టు సమాచారం లేదని ఉంది. చనిపోయినట్టు సమాచారమూ అందులో లేదు.