ప్లాజా ముందు స్టాపు

డాలస్‌కి ఉత్తరాన మా ఊళ్లో రోడ్లు వెడల్పు, ఇళ్లు కొత్తవి, స్కూళ్లు మంచివి. కారు నడపనివాళ్లు కూడా ఉంటారన్న ఊహ ఎవరికీ వచ్చినట్టు లేదు. నాకూ రాలేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మానేసి, చిన్న ప్లాజాలో టిఫిన్ సెంటర్ పెట్టాక, మా వంటక్క పుణ్యమా అని తెలిసొచ్చింది.

అక్కకి అరవై దాటాయి. తెనాలి మనిషి. కూతురి దగ్గర ఉంటుంది, డ్రైవింగ్ రాదు. మొదట్లో పొద్దున్నే కూతురే దింపి వెళ్లేది. ఆఫీసువాళ్లు వారంలో ఐదు రోజులూ రమ్మనేసరికి ఆ అమ్మాయి దారి అటు, అక్క దారి ఇటు అయింది. నేనొచ్చి తీసుకెళ్తానంటే, "నువ్వు నా కోసం వస్తే ఇక్కడ పొయ్యి ఎవరు వెలిగిస్తారమ్మా?" అంది. ఒకరోజు చెప్పాపెట్టకుండా నడిచే వచ్చేసింది. ఆరు లైన్ల రోడ్డు పక్కన, కాలిబాట కూడా లేని గడ్డిలో. చీర కుచ్చెళ్లు తడిసి ముద్దయ్యాయి. నేను కేకలేశాను. భయమేస్తే అరవడం నాకున్న జబ్బు. అక్క చేతులు కడుక్కుని పచ్చడి రుబ్బుకోడానికి వెళ్లింది.

మర్నాడూ నడిచే వచ్చింది. అప్పటినుంచి రోజూ పొద్దున అద్దం తలుపు దగ్గర నిలబడి రోడ్డు వంక చూడటమే నా పని. చివరికి కూతురు ఫోన్ చేసి, "ఆంటీ, ఈ మంత్ వరకు చూస్తాను, తర్వాత అమ్మని మాన్పించేస్తాను" అంది. నేనైనా అదే చేసేదాన్ని. కానీ అక్క ఈ దేశం వచ్చి రెండేళ్లు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న మనిషి. మళ్లీ అక్కడికే పంపాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

సిటీ వ్యాన్ ఒకటి హాస్పిటల్ నుంచి లైబ్రరీ దాకా తిరుగుతుంది, అక్క ఉండే వీధి మీదుగానే. దాన్ని మా ప్లాజా దాకా పొడిగించమని షాపులవాళ్లందరం అడగాలనుకున్నాం. మా అందరికీ పెద్ద, పక్కనున్న కిరాణా స్టోర్ ఆయన. కరీంనగర్ మనిషి. ప్రతి షాపు నుంచీ ఒక ఉత్తరం రాయించి, అన్నీ ఫైల్లో పెట్టుకున్నాడు.

సిటీ కౌన్సిల్ మీటింగ్‌లో మాట్లాడేవాళ్లకి తలా మూడు నిమిషాలు. ఆయన్ని పిలిచారు. ఆయన మైకు దగ్గర ఆగలేదు. సంచిలోంచి జరీ శాలువా తీసి, తిన్నగా మేయర్ కూర్చున్న వేదిక వైపు నడిచాడు. క్లర్క్ లేచి, సార్, అక్కడే ఆగండి అంది. నిర్ణయం ముందు ఎవరి దగ్గరా బహుమతి తీసుకోకూడదని సిటీ లాయర్ ఓపిగ్గా చెప్పాడు. ఇది బహుమతి కాదు, మర్యాద అని ఈయన వివరించే లోపల మూడు నిమిషాలూ అయిపోయాయి. ఫైలు విప్పనే లేదు.

వచ్చి నా పక్కన కూర్చుని, "పెద్దమనుషుల తానికి ఉత్త చేతులతోని ఎట్ల వోతం చెల్లె?" అన్నాడు. ఆయన్ని ఏమైనా అంటే చాలా అనాల్సి వస్తుందని మొహం తిప్పుకున్నాను.

అంతలో క్లర్క్ తర్వాతి పేరు పిలిచింది. అక్క పేరు. కుర్చీలు నిండుగా కనబడతాయని తీసుకొచ్చిన మనిషి. ఏం జరిగిందంటే, గుమ్మం దగ్గర మాట్లాడేవాళ్లు నింపాల్సిన కార్డులు ఉంటే, ఈయన హాజరు పట్టీ అనుకుని, వచ్చిన పదిహేను మందికీ నింపి ఇచ్చేశాడు.

నేను వద్దని చెప్పబోయాను. అక్క అప్పటికే లేచింది. "నువ్వు ఇంగ్లీషులో చెప్పమ్మా" అంది నాతో.

"నాకు కారు రాదండీ. పని వచ్చు. రోజూ గడ్డిలో నడిచి వెళ్తున్నాను. లారీ వస్తే పక్క పల్లంలోకి దిగి, అది పోయాక మళ్లీ ఎక్కుతాను. మా అమ్మాయి భయపడుతోంది. పని మానెయ్యమంటోంది. నాకు మానాలని లేదు."

అక్క ఒక్కో మాటా చెప్పి ఆగుతుంటే, నేను ఇంగ్లీషులో చెప్పాను. కౌన్సిల్లో ఒకావిడ పని ఎన్నింటికి మొదలని అడిగింది. ఆరున్నరకి అంది అక్క. మొదటి వ్యాన్ ఎనిమిదికట. వాళ్లలో వాళ్లు చాలాసేపు మాట్లాడుకుని, ఆరు నెలలు చూద్దామని, పొద్దున ఆరింటి ట్రిప్పుతో సహా ఓటేశారు. బోర్డు మీద వరసగా పచ్చ దీపాలు వెలిగాయి. నా గుండెల మీంచి బండ దిగిపోయింది. ఏడ్చాను కూడా, దాచుకోడానికేముంది.

పార్కింగ్ లాట్‌లో ఆయన శాలువా పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. అక్కకి కప్పమన్నాను. కప్పాడు. "ఇప్పుడిదెందుకయ్యా, ఇంకా పప్పు నానెయ్యాలి, పదండి" అంది అక్క.

వ్యాన్ మొదలైన వారం రోజులూ నేను అలవాటుగా తలుపు దగ్గరే నిలబడ్డాను. రెండో వారంలో ఒకరోజు ఒళ్లు తెలియకుండా నిద్రపోయి ఆలస్యంగా వెళ్లాను. షాపు ముందు బెంచీ మీద, వ్యాన్‌లో ఏసీకి చలని ఆ జరీ శాలువా కప్పుకుని, అక్క రోడ్డు వంక చూస్తూ కూర్చుని ఉంది.

"ఎక్కడున్నావో, ఏమయ్యావో అని భయపడి చచ్చాను" అని నా మీద కేకలేసింది.