పేకముక్క ముట్టని పాత నేరస్థుడు

మా మావయ్యకు ఇస్పేటుకీ కళావరుకీ తేడా తెలియదు. అయినా పేకాట నేరం కింద ఆయనకు పడినన్ని శిక్షలు, గుంటూరు ప్రకాశం జిల్లాలు రెండూ జల్లెడ పట్టినా ఇంకొకరికి దొరకవు.

పర్చూరు వైపు మా ఊళ్ళో అదొక మర్యాద. పేకాట పాక మీద పోలీసులు పడగానే పరువున్నవాళ్ళంతా పత్తిచేలో దూరేవాళ్ళు. కేసుకు మనిషి కావాలి కదా? అప్పుడు మావయ్య తువ్వాలు దులుపుకుని లేచి, "నేనే ఆడానండీ" అని పేరిచ్చేవాడు. కోర్టులో తప్పు ఒప్పుకుని, ఆడినవాళ్ళిచ్చిన జరిమానా కట్టేసి, టౌన్లో ఇడ్లీ తిని వచ్చేవాడు. అది అబద్ధమని ఆయనకెప్పుడూ తోచలేదు. పెళ్ళిలో విస్తళ్ళు వేసినట్టు, అదీ ఊరి పనే.

తొంభైల చివర్లో మా పెద్దమ్మ, భర్త పోయిన ఏడాదే, ధైర్యం చేసి కౌలుకు మిరప వేసింది. కల్లంలో ఎండబెట్టి బస్తాలకెత్తిన కాయను, ఆవిడ మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్ళిన సందు చూసుకుని, ఊళ్ళో మోతుబరి ట్రాక్టరుకెత్తించుకుపోయాడు. పోలీసులు బస్తాలు పట్టుకుని అడిగితే "నా చేలో కాయే" అన్నాడు. మిరపకాయ తొడిమ మీద యజమాని పేరు రాసి ఉండదాయె. కళ్ళారా చూసింది మావయ్య ఒక్కడే. ఆయన మాట నిలిస్తే బస్తాలు పెద్దమ్మవి. నిలవకపోతే ఆవిడ కౌలు ఎగ్గొట్టినదై, మరుసటేడు ఇంకొకరి చేలో కాయ కొయ్యాలి.

కోర్టులో వెనక బెంచీ మీద నేనూ పెద్దమ్మా కూర్చున్నాం. మావయ్య మీసం ముందు బోనెక్కింది, ఆయన కాసేపటికి ఎక్కాడు. మోతుబరి తరఫు లాయరు లేచాడు.

"ఏమయ్యా, నీకు పాత శిక్షలేమన్నా ఉన్నాయా?"

"బోలెడండీ!" అన్నాడు మావయ్య, ఎన్నెకరాలని అడిగినంత సంబరంగా.

పెద్దమ్మ నా మోచెయ్యి గిల్లింది. ఆ గిల్లుడుకి ఎముక ఇప్పటికీ వానాకాలం సలుపుతుంది.

"అంటే పేకాటరాయుడివి."

"ఒక్క ముక్క ముట్టలేదండీ. ఆడింది వాళ్ళు, పేరిచ్చింది నేను."

ఆనందంతో లాయరు నల్లకోటు రెండు సైజులు పెరిగింది. "అంటే ఇదే కోర్టులో నిలబడి అబద్ధం చెప్పావు! అలాంటి నీ మాట ఇవాళెందుకు నమ్మాలి?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు లాయరు గారూ. అబద్ధం చెప్పినప్పుడల్లా చిటికెలో నమ్మేశారు. నిజం చెబుదామని వస్తే పొద్దుటి నుంచీ నిలబెట్టారు."

జడ్జి గారు రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. లాయరు కూర్చుంటే సరిపోయేది. కూర్చోలేదు.

"ఎవరి కోసమయ్యా పేరిచ్చావు? కట్టుకథలు!"

"ఇదిగో, ఈయన కోసమే." మావయ్య మోతుబరిని చూపించాడు. "పాపం, పాక మీద పోలీసులు పడ్డ రోజు రమ్మీలో ఒక్క ఆటా గెలవక ఏడుపు మొహమేసుకున్నాడండీ. ఆట చేతగాని మనిషిని పోలీసులు కూడా పట్టుకుపోతే ఏం బాగుంటుందని..."

దొంగ అన్నా ఉలకని మోతుబరి అంత ఎత్తున లేచాడు. "ఎవడ్రా చేతగానివాడు? నా చేతిలో రెండు జోకర్లున్నాయి! షో చెప్పబోతుంటే పోలీసులొచ్చారు! నా బదులు నువ్వు పేరిచ్చినంత మాత్రాన నేను ఓడినట్టా?"

ఫ్యాను కూడా ఒక్క చుట్టు ఆగినట్టనిపించింది. జడ్జి గారు గుమాస్తా వైపు తిరిగి, "ఆ జోకర్లతో సహా రాసుకోండి" అన్నారు.

పేరిచ్చిన సంగతి మోతుబరి నోటే రుజువై, మావయ్య మాట నిలిచింది. మోతుబరికి శిక్ష పడింది, బస్తాలు పెద్దమ్మవేనని తేలింది. అప్పటిదాకా స్టేషన్ గదిలో మగ్గిన కాయ కాస్త రంగు దిగింది గానీ, దాని పక్కన కాపలా కాసిన కానిస్టేబుల్ తుమ్ములకు గోడ బీటలు వారిందని మా ఊళ్ళో ఒట్టేసి చెబుతారు. పెద్దమ్మ ఒక కాయ తుంచి నాలిక మీద వేసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఘాటు పోలేదురా, కౌలుకి సరిపోతుంది" అని, మావయ్య వైపు తిరిగింది. "ఒరేయ్ తమ్ముడూ, ఇంకెప్పుడన్నా ఎవడికన్నా పేరిచ్చావో, ఈ కారం నీ కళ్ళల్లో కొడతా."

"అట్టాగే అక్కా" అంటూ మావయ్య మొదటి బస్తా భుజానికెత్తుకున్నాడు.