బావమరిది తెచ్చిన ఇసుక

ఉప్పు ఇసుకలో మొక్క బతకదు. ఈ మాటలో తప్పేమీ లేదు. ఎవరినడిగినా నేనన్నదే నిజమంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. నాది తప్పని తెలిసుంటే ఎక్కడో ఒకచోట నోరు మూసుకునేవాణ్ణి. నిజం నా వైపుందని తెలిసే సరికి ఇక ఎంత మాటైనా అనొచ్చనుకున్నాను.

మాది వరి పండించే కుటుంబం. నా భార్యది సముద్రం మీద బతికే కుటుంబం. ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. మావాళ్లు చాలాకాలం మా గుమ్మం తొక్కలేదు. ఆమెకి తల్లీ తండ్రీ లేరు. పుట్టిల్లంటే ఒక్క తమ్ముడే. గజపతినగరంలో మేముండే అద్దె వాటాకి వీలున్నప్పుడల్లా చేపల బుట్టతో వచ్చేవాడు. వీధిలోంచే అక్కని కేక వేసేవాడు.

"అప్పా, గిన్నె తే! కానాగంతలు. ఇంకా మెరుస్తన్నాయి సూడు."

తరవాత నా వైపు తిరిగేవాడు. "ఏటి బావా, ఇంకా లావైపోనావు. ఆఫీసులో కుర్సీ నిన్ను మొయ్యలేక సెలవెట్టీనేదేటి?"

నేను నవ్వేవాణ్ణి కాదు. కానీ చేపలు మాత్రం ముక్క మీద ముక్క వేయించుకుని తినేవాణ్ణి.

కాక్టస్‌ని ఆఫీసు ముందు బండి మీద మొక్కలమ్మే మనిషి దగ్గర కొన్నాను. నిమ్మకాయంత ఉంది, గుండ్రంగా, ఒంటి నిండా తెల్లటి ముళ్లతో. ఇంటికి తేగానే నా భార్య మూతి తిప్పింది.

"ముళ్ల మొక్క ఇంట్లో ఉంటే గొడవలొస్తాయంటారు. గొడవలకి మీరు సాలరేటి, మళ్లీ మొక్క కూడానా?"

ఆమె అన్నది వేళాకోళానికే. కానీ ఆ ఇంట్లో నేను గొంతు పెంచకుండా చూసుకున్నది నిజంగా ఆ మొక్క ఒక్కదాన్నే. కుండీలో చీపురుపుల్ల గుచ్చి చూసేవాణ్ణి. పుల్లకి మట్టి అంటుకుంటే నీళ్లు పొయ్యకూడదు. పొడిగా వస్తేనే గ్లాసుతో చుట్టూరా కాసిని పొయ్యాలి. ఒక పక్కకే వాలిపోకుండా కుండీని తిప్పుతూ ఉండేవాణ్ణి. ముళ్ల మధ్య దుమ్ము చేరితే పాత షేవింగ్ బ్రష్షుతో దులిపేవాణ్ణి. వాన పడితే కిటికీ గట్టు మీంచి లోపలికి తెచ్చేవాణ్ణి. నా భార్యకి జ్వరమొచ్చినప్పుడు మంచినీళ్లు అందించడానికి విసుక్కున్న మనిషిని నేనే.

ఒకసారి నా బావమరిది దాన్ని వేలితో మీటి, "ఇదేటి బావా, ముళ్లపందిని కుండీలో పెట్టినావు" అన్నాడు.

ఎడారి మొక్క అని చెప్పాను. దీనికి ఇసుక ఎక్కువుండాలట, ఈ ఊళ్లో మంచి ఇసుక దొరకడం లేదని కూడా చెప్పాను. అడిగింది నేనే అన్నమాట.

"ఇసక్కి కరువేటి బావా? మా ఇంటి ముందల బోల్డు."

ఆ తరవాత వచ్చినప్పుడు చేపల బుట్టతోపాటు బియ్యం సంచిలో సగం దాకా ఇసుక తెచ్చాడు. దాన్ని బస్సెక్కించడానికి కండక్టరుతో పోట్లాడాడట. నేను ఆఫీసు నుంచి వచ్చే సరికి మొక్కని కొత్త కుండీలోకి మార్చేశాడు. చుట్టూ చిన్నచిన్న గవ్వలు పేర్చాడు. అతని చేతివేళ్లలో దిగిన ముళ్లని నా భార్య పిన్నీసుతో తీస్తోంది.

"ఎలగున్నాది బావా?"

"బాగుంది" అన్నాను. నిజంగానే బాగుంది. మట్టిలో పుట్టి పెరిగిన నాకు కూడా ఆ రోజు ఉప్పు సంగతి తట్టలేదు.

కొన్ని వారాలకి మొక్క ముడుచుకుపోయింది. మొదలు గోధుమరంగుకి తిరిగింది. వేలితో నొక్కితే మగ్గిన సపోటాలా లోపలికి దిగిపోయింది. ఇసుక చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు. సరిగ్గా ఆ రోజే అతను వచ్చాడు. మాకు వాటా అద్దెకిచ్చిన ఇంటివాళ్లు, వాళ్ల చుట్టాలు వరండాలో కూర్చుని ఉన్నారు.

"ఒరే, ఉప్పిసక తెచ్చి మొక్కని సంపీసినావు కదరా!"

అతను ముందు నవ్వాడు. "అయ్యో, సచ్చిపోనాదా? ఇంకోటి కొందాం బావా, దానికేటి?"

ఆ 'దానికేటి' విన్నాక నన్ను నేను ఆపుకోలేదు. ఆపుకోలేకపోయానని రాయడం అబద్ధం. ఆపుకోవాలనుకోలేదు.

"మట్టి గురించి నీకేటి తెలుసురా? కంపు తప్ప నీకేటి తెలుసు? నువ్వొచ్చి ఎల్లినప్పుడల్లా ఇల్లంతా కంపు. నీ సేపలు ఇక్కడెవడు అడిగినాడు?"

చేపల వాసనని ఇంటివాళ్లు అంతకుముందే ఒకటి రెండుసార్లు సణిగి ఉన్నారు. నా మాటకి వాళ్లలో ఒకరు తలూపారు. ఆ తలూపు నాకు నచ్చింది. నేను మీవైపు మనిషినే అని వాళ్లకి చెప్పుకోవడానికి, ఒక పిడికెడు మొక్కని సాకుగా పెట్టుకుని, నా భార్య తోబుట్టువుని వాళ్ల ముందు పడేశాను. కోపంలో నోరు జారిందని తరవాత చాలామందికి చెప్పుకున్నాను. జారలేదు. ఆ మాట నాలో ఎప్పటినుంచో ఉంది.

అతను బుట్ట కింద పెట్టాడు. "ఎల్తానప్పా" అని అక్కకి మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

నా భార్య బుట్ట లోపలికి తీసుకెళ్లింది. ఆ చేపలు కడిగి, పులుసు పెట్టి, నా ముందు పళ్లెంలో వడ్డించింది. తను ముట్టుకోలేదు. నేను తిన్నాను.

మొక్కని బతికిద్దామని కుళ్లినంత మేర కోసుకుంటూ వెళ్లాను. కొస దాకా కుళ్లే. తీసి పారేశాను. అతను మాత్రం ఇక రాలేదు. ఫోన్ చేస్తే అక్కతో బాగానే మాట్లాడేవాడట. రమ్మంటే వేట ఉందనేవాడట. ఒకరోజు ఆమె బియ్యం ఏరుతూ, తలెత్తకుండా అంది.

"నాకు ఆడొక్కడే కదండీ. ఆడు ఈ గుమ్మంలోకి రాకపోతే నాకింకెవులున్నారు?"

మర్నాడే, వస్తున్నామని ఫోన్ చేసి, విజయనగరంలో బస్సు మారి వాళ్ల ఊరు వెళ్లాం. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. అతను ఎదురొచ్చి, తుండుతో కుర్చీ తుడిచి వేశాడు.

"రండి బాబూ, కూకోండి."

మా పొలంలో పనికొచ్చేవాళ్లు మా నాన్నని పిలిచిన పిలుపు ఆ 'బాబూ'. నా చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

"తప్పైపోయిందిరా" అన్నాను.

"మీరేటి తప్పు సేసినారు బాబూ. పెద్దోళ్లు."

"బావా అనరా."

"అలాగే బాబూ."

అతని భార్య నా భార్యని లోపలికి తీసుకెళ్లింది. లోపల చేపల పులుసు ఉడుకుతోంది. ఆకలి వేసింది. కాస్త అన్నం పెట్టమన్నాను.

"మీకు పడదు బాబూ" అన్నాడు. గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. "మీకోసరం ఓటల్నుంచి తెప్పించినాను."

పప్పు, వంకాయ కూర, ప్లాస్టిక్ కవర్లలో సాంబారు, పెరుగు. సీలు తియ్యని నీళ్ల సీసా. అతను ఎదురుగా నేల మీద కూర్చుని, మర్యాదగా, నేను తినడం అయ్యేదాకా చూశాడు. లోపలినుంచి అక్కాతమ్ముళ్లిద్దరి చిన్నప్పటి సంగతేదో చెప్పుకుని ఆడవాళ్లిద్దరూ నవ్వడం వినిపించింది. అతను కూడా నవ్వబోయి, నన్ను చూసి ఆగాడు.

"మా ఇంటికెప్పుడొస్తావు?" అని అడిగాను.

"ఈలు సూసుకుని వస్తాను బాబూ."

ఆ సాయంత్రం బస్సుకి నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. ఆమె నాలుగు రోజులుండి వస్తానంది. అతను ఇప్పటిదాకా రాలేదు. తమ్ముణ్ణి చూడాలనిపించినప్పుడల్లా ఆమే వెళ్లొస్తుంది. నన్ను రమ్మని అడగదు.