రాత్రి రెండు గంటల మెలకువ

న్యాల్‌కల్ కాడ చెరుకు పండించే శివశంకర్‌కు తొమ్మిదేండ్ల సంది సక్కగ నిద్ర లేదు. గంటో రెండు గంటలో కన్నంటుతది, గంతే. రాత్రి రెండు కాంగనే ఎవరో భుజం పట్టి ఊపినట్టు లేస్తడు. అరికాళ్లకు నూనె రాసిండు, గసగసాల పాలు తాగిండు, జహీరాబాద్ దవాఖాన్ల గోలీలు తెచ్చుకున్నడు. ఏదీ పనిజెయ్యలే. ఆఖరికి డాక్టరు, "నిద్రతోని కొట్లాడకు పెద్దాయనా. రాకపోతే పోనియ్యి, ఉత్తగ పండుకో" అన్నడు. "ఫీజు తీసుకొని చెప్పే మాటేనా ఇది?" అని దారి పొడుగునా తిట్టుకుంట వచ్చిండు.

రెండింటికే ఎందుకంటరా? అప్పట్ల పొలాలకు కరెంటు వంతుల వారీగ ఇస్తుండె. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి వంతు రెండింటికి వచ్చేది. లేచిపోయి మోటరు వెయ్యకుంటే ఎండల చెరుకు మాడిపోయినట్టే. గట్లాంటి ఒక రాత్రి ఆయన భార్య శరణమ్మ ఒక్కతే పోయింది. బోరు కాడ పాము కరిచింది. తెల్లారేసరికి మనిషి లేదు. వాళ్ల లింగాయతుల పద్ధతిల అదే చెరుకు చెల్కల కూసోబెట్టి మట్టిచ్చిన్రు.

"నువ్వు నిద్రల ఉంటివి, నీ తప్పేముంది?" అన్నరు ఊరోళ్లంత. ఆ మాట ఇన్నప్పుడల్లా శివశంకర్ తల దించుకునేటోడు. పాపం, దుఃఖమే అనుకున్నరు.

ఇప్పుడు కరెంటు దినమంత ఉంటది. రాత్రి లేచే పనే లేదు. అయినా మెలకువ మాత్రం తప్పలే.

బీదర్ల ఇచ్చిన బిడ్డ జ్యోతి మొన్న వచ్చింది. రాత్రి తండ్రి మంచం కిర్రు కిర్రుమంటుంటే లైటు వేసింది. ముసలాయన కండ్లు గట్టిగ మూసుకొని, పండ్లు బిగబట్టి, నిద్ర కోసం గుంజులాడుతుండు.

"లేచి కూసో నాయనా. రాకపోతే రాకపాయె. ఎందుకింత గోస?"

లేచి కూసున్నడు.

"ఆ రాత్రి నేను నిద్రల లేను బిడ్డా. మీ అమ్మ రెండుసార్లు లేపింది. పొద్దంత అల్లం నాటి నడుము ఇరిగిపోయుండె. ఇనపడనట్టే కండ్లు మూసుకున్న."

తొమ్మిదేండ్లు ఎవ్వరికీ చెప్పని మాట. చెప్పి, కొడితే కొట్టు అన్నట్టు బిడ్డ ముందల తల వంచిండు.

జ్యోతి తిట్టలే. పక్కన కూసొని చెయ్యి పట్టుకున్నది.

"అమ్మకు తెలుసు నాయనా."

"ఏం తెలుసు?"

"గొళ్లెం పెట్టుకోమని ఆ రాత్రి నన్ను లేపింది. 'మీ నాయన దొంగనిద్ర పోతుండే, రెప్పలు కొట్టుకుంటున్నయి సూడు. అల్లం నాటి అలిసిండు, జర పండనియ్యి' అని నవ్వుకుంట పోయింది. ఈ మాట ఇంటే నువ్వు తట్టుకోవని నేనే చెప్పలే."

అయ్యో, అప్పుడు ఏడ్చిండు శివశంకర్! మట్టిచ్చిన నాడు గూడ అట్ల ఏడ్వలే.

ఆ రాత్రి మళ్ల నిద్ర రాలే. జ్యోతి లైటు ఆర్పింది. ఆయన ఎల్లకిల పండుకొని తెల్లారేదాక కండ్లు తెరుచుకునే ఉన్నడు. నిద్ర రాకున్నా కండ్లు మూసుకునుడు ఆ దినం సంది బంద్ పెట్టిండు.