కవ్వం అడగని కోడలు

చల్లకుండ ముందు పీట వేసుకుని కూర్చున్న దేవమణికి ఆ పొద్దున కవ్వం తాడు పట్టుకోవాలంటేనే ఏడుపొచ్చింది. నిన్నంతా మిరప కోతలో వంగి వంగి నడుం పట్టేసింది. కుడి భుజమైతే ఎప్పుడో చచ్చింది. ఇరవై రెండేళ్ళప్పుడు పట్టిన కవ్వం, అరవై వచ్చినా వదలడానికి లేదు. ఎలా వదులుతుంది? వాళ్ళ అత్త పెట్టిపోయిన కట్టడి ఒకటుందాయె. కవ్వం కోడలు అడిగి తీసుకోవాలిగాని, అత్త తనంతట తాను ఇవ్వకూడదు. ఇస్తే ఇంట్లో పాడి నిలవదట.

ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడే మనిషికి ఈ పట్టింపులేమిటని మొగుడు ఏలీయా నవ్వుతాడు. నవ్వితే నవ్వాడు. పాస్టరుగారు వస్తున్నారంటే కుండ కింద దిష్టికి పెట్టిన ఎండుమిరపకాయను కొంగులో దాచేస్తుంది గాని, అది పెట్టకుండా ఒక్కనాడూ తాడు లాగలేదు.

కోడలు గ్రేసీ పరిటాల ఊరి పిల్ల. కాపురానికొచ్చి పదకొండేళ్ళయింది. పాలు పితుకుతుంది, పేడ తీస్తుంది, ఆటో ఎక్కి జగ్గయ్యపేట వెళ్ళి బడిలో పాఠాలు చెబుతుంది. కవ్వం మాత్రం అడగదు. రోజూ గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోతుంది. నా ఎముకలు అరిగేదాకా చూద్దామనే కాబోలు అని దేవమణికి కడుపు రగిలిపోయేది. పైకి అనలేదు. అంటే ఇచ్చినట్టే మరి.

సరిగ్గా వెన్న పూసలు కట్టే వేళకు భుజంలో ఏదో కలుక్కుమంది. తాడు జారిపోయింది. గ్రేసీ పరుగున వచ్చి, కుండకు మూరెడు దూరంలో చేతులు కట్టుకుని ఆగిపోయింది.

"చూస్తా నిలబడతావేంటే, రాతిబొమ్మలాగా! నోరు తెరిచి అడగొచ్చుగా!"

"ఏంటి అత్తమ్మా, అడిగేది?"

"కవ్వమే! ఇవాళ అడుగుద్దా, రేపు అడుగుద్దా అని పదకొండేళ్ళ నుంచి చూస్తున్నా!"

గ్రేసీ మొహం పాలిపోయింది. "అడగకూడదని కదత్తమ్మా మా అమ్మ చెప్పింది. అత్త తన చేత్తో ఇచ్చేదాకా ముట్టుకుంటే ఆవిడ చావు కోరినట్టేనంట. మీ భుజం చూళ్ళేక రోజూ గుమ్మం దాకా వస్తున్నా... ఇవాళన్నా ఇస్తారేమోనని."

దేవమణి ఎడం చేత్తో భుజం పట్టుకుంది. పదకొండేళ్ళు! అంత నొప్పి, అంత కడుపుమంట, అంతా ఉత్తపుణ్యానికి. అత్తను తిట్టుకుందామా అంటే ఆవిడ పోయి ఎన్నాళ్ళో అయింది.

"పాడి పోతే పోయిందిలే. ఇదిగో, పట్టు" అని పక్కకు జరిగింది.

గ్రేసీ తాడందుకుంది. కాసేపటికి వెన్న తేలింది. తొలి ముద్ద తీసి అత్త ముందుకు చాపింది. అందుకుందామని దేవమణి చెయ్యెత్తబోతే, చెయ్యి లేవలేదు. అప్పుడు ఏడ్చింది, భోరుమని.